వాల్వు మార్చే ముందు వోల్టేజీ చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే వాల్వులతో (గాజు బుడ్డీల్లాంటి వాక్యూమ్ ట్యూబులతో) గిటార్ ఆంప్లిఫయర్ కట్టుకోవడం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. ఎంచుకున్న సర్క్యూట్ మంచిదే. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950ల చివర్లో అమ్మిన ‘చాంప్’, అందులోనూ 5ఎఫ్1 నమూనా. ఉన్నవి మూడే వాల్వులు: పవర్ సప్లైకి 5వై3జీటీ, ముందు దశలకు 12ఏఎక్స్7, స్పీకర్ని నడపడానికి 6వీ6జీటీ. డజను రెసిస్టర్లు, అరడజను కండెన్సర్లు, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు. మొదటిసారి కట్టేవాళ్ళకు ఇంతకంటే సులువైన సెట్టు చూపించలేం. మా అసలు పేచీ ఆ వ్యాసం చివరి పేరాతో. కట్టాక సౌండు రాకపోతే ఒక్కొక్క వాల్వూ మార్చి చూడమని అందులో రాశారు.

అది బల్బు మార్చే పద్ధతి. కొత్తగా కట్టిన సెట్టులో తప్పు దాదాపు ఎప్పుడూ వైరింగులోనో, రెసిస్టర్ మీద తప్పుగా చదివిన రంగుగీతలోనో, డ్రై (సరిగ్గా అంటని) సోల్డర్‌లోనో ఉంటుంది. పైగా 6వీ6 ఎర్రబడి చెడిపోయిందంటే దాన్ని చెడగొట్టింది ఇంకేదో ఉంది. అదేమిటో చూడకుండా కొత్తది పెడితే అయిదు నిమిషాల్లో అదీ అదే దారి పడుతుంది. ఈ సెట్టులో ఏ తప్పైనా ముందు వోల్టేజీలోనే కనిపిస్తుంది. వ్యాసంలో సర్క్యూట్ బొమ్మ ఉందిగానీ ఏ పిన్ను దగ్గర ఎన్ని వోల్టులుండాలో లేదు. అవి ఇక్కడ ఇస్తున్నాం. కాస్త పొడవైనా దయచేసి అంకెలు కత్తిరించకుండా వేయండి.

వ్యాసం వదిలేసిన మరో సంగతి మన కరెంటు. ఆ సర్క్యూట్ అమెరికా ఇళ్ళ 117 వోల్టులు, 60 సైకిళ్ళకు (హెర్ట్జ్‌కు) గీసింది. మనది 230, 50. అక్కడి బంధువులు తెచ్చిచ్చిన ట్రాన్స్‌ఫార్మర్‌ని నేరుగా మన ప్లగ్గులో పెడితే నిమిషాల్లో పొగ వస్తుంది. స్టెప్‌డౌన్ పెట్టి వోల్టేజీ తగ్గించినా సైకిళ్ళు మారవు. 60కి చుట్టిన ఇనుము 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది. ఇనుము తక్కువ వేసి చుట్టినదైతే చెయ్యి పెట్టనివ్వదు. అందుకే ఇక్కడే చుట్టించుకోవడం మేలు. వైండింగ్ షాపులో చెప్పాల్సిన లెక్క ఇది: ప్రైమరీకి (కరెంటు ఇచ్చే వైపు చుట్టకు) 0, 220, 240 ట్యాపులు (చుట్ట మధ్యలోంచి తీసిన కొసలు), సెకండరీ (అవతలి వైపు చుట్ట) 325-0-325 వోల్టులు, 70 మిల్లీ ఆంపియర్లు, 6.3 వోల్టులు 2 ఆంపియర్లు. 5 వోల్టులు 2 ఆంపియర్లు. 240 ట్యాపు ఎందుకంటే చాలా ఊళ్ళలో రాత్రి పొద్దుపోయాక 250 దాకా వస్తుంది. 220కే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మీద అప్పుడు 6.3 కాస్తా 7.1 దాటుతుంది. వాల్వుని లోపల వేడిచేసే తీగ, అంటే హీటరు, తట్టుకునేది అటూ ఇటూ పది శాతం, అంటే 5.7 నుంచి 6.9 దాకా. అంతకు మించితే వాల్వు ఆయుష్షు తరిగిపోతుంది.

325 బదులు 275-0-275 చుట్టించుకోవడం ఇంకా మంచిదని మా అభిప్రాయం. పాత పట్టికల్లో 6వీ6జీటీ ప్లేటుకు (వాల్వులో ఎలక్ట్రాన్లు చేరే రేకుకు) గరిష్ఠం 315 వోల్టులే. ఫెండర్ వాళ్ళు 340 దాకా లాగారు, ఆనాటి వాల్వులు తట్టుకున్నాయి. ఇవాళ చేతికొచ్చే ప్రతి వాల్వూ తట్టుకుంటుందని హామీ లేదు. 275తో హెచ్‌టీ (వాల్వులకు అందే ఎక్కువ వోల్టేజీ డీసీ) 300 వోల్టుల దరిదాపుల్లో నిలుస్తుంది. సౌండులో తేడా చెవికి తెలిసీ తెలియనంత.

ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఎక్కువమంది బోర్లా పడతారు. మైక్ సెట్లకు అలవాటుపడ్డ చేతులు పుష్-పుల్ రకం (రెండు పవర్ వాల్వులు వంతులవారీగా నడిపేది) చుట్టి ఇస్తాయి. దానికి మధ్య ట్యాపు ఉంటుంది, ఇనుములో గ్యాపు ఉండదు. మనకు కావలసింది సింగిల్ ఎండ్ రకం, అంటే ఒకే పవర్ వాల్వు నడిపేది. దీని ప్రైమరీలో 40 మిల్లీ ఆంపియర్ల డీసీ ఒకే దిక్కుగా పారుతూనే ఉంటుంది. గ్యాపు లేకపోతే ఇనుము అయస్కాంతశక్తితో ముందే నిండిపోతుంది, బేస్ తీగలు కొట్టినప్పుడు సౌండు బొంగురుపోతుంది. ‘E’ ఆకారపు రేకులన్నీ ఒక వైపు, ‘I’ ఆకారపు రేకులన్నీ ఇంకో వైపు పెట్టి మధ్యలో పలచటి కాగితం ఉంచమని విడమర్చి చెప్పండి. ప్రైమరీ 7 కె (7 వేల ఓమ్‌లు), సెకండరీ 4 ఓమ్‌లు అనుకుంటే చుట్ల నిష్పత్తి సుమారు 42:1. తెచ్చుకున్నాక పరీక్ష తేలిక: మామూలు 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఏసీని ప్రైమరీకి ఇచ్చి సెకండరీ కొలిస్తే 0.29 వోల్టు దగ్గర రావాలి. 0.4 వస్తే మీకిచ్చింది 8 ఓమ్‌ల స్పీకర్‌ది. తలకిందులుగా, అంటే 12 వోల్టులు సెకండరీకి మాత్రం ఇవ్వొద్దు. అవతల 500 వోల్టులు పుడతాయి.

పాత వాల్వు రేడియో విప్పి అందులోని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ వాడొచ్చా అని అడుగుతుంటారు. ఈఎల్84 వాల్వుతో నడిచిన రేడియోదైతే నిక్షేపంలా పనికొస్తుంది, 5 నుంచి 7 కె మధ్యే ఉంటుంది. అదే రేడియోలోని ఈఎల్84 వాల్వునే 6వీ6 స్థానంలో వాడదామనుకుంటే మాత్రం ఆగాలి. దానికి ప్లేటు గరిష్ఠం 300 వోల్టులు, బేస్ వేరు, కేథోడ్ (ఎలక్ట్రాన్లు బయల్దేరే కొస) రెసిస్టర్ వేరు. ఇంచుమించు ఒకే శక్తినిస్తాయన్న మాట నిజమేగానీ ఒకదాని చోట ఒకటి పెట్టే రకాలు కావు. రేడియోల్లో దొరికే ఈసీసీ83 మాత్రం అచ్చంగా 12ఏఎక్స్7కి ఇంకో పేరే. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు చేసినవి హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో వెతికితే ఇప్పటికీ తగులుతుంటాయి. కొత్తవి కావాలంటే స్లొవేకియా, రష్యా, చైనా తయారీ. అచ్చు కొత్తగా మెరుస్తున్న పాత కంపెనీ పేరు కనిపిస్తే మాత్రం అనుమానించండి.

ఇక భాగాలు. హెచ్‌టీని నునుపు చేసే మొదటి ఫిల్టర్ కండెన్సర్ 22 మైక్రోఫారడ్లు, తర్వాతవి రెండూ చెరి 10. మూడూ 500 వోల్టులవే కొనండి. 450 చాలని వ్యాసంలో ఉంది, చాలదు. 5వై3 కొన్ని సెకన్లలో వేడెక్కుతుంది, 6వీ6కి ఇంకాస్త సమయం పడుతుంది. ఆ మధ్యలో కరెంటు లాగేవాళ్ళు లేక హెచ్‌టీ 455 దాకా ఎగబాకుతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ జరిగేదే ఇది. హమ్మింగ్ తగ్గుతుందని మొదటి కండెన్సర్‌ని 47కో 100కో పెంచడం ఇంకో పిచ్చిపని. అంత పెద్దదాన్ని నింపే వేగంలో 5వై3 లోపల నిప్పురవ్వలు లేస్తాయి. ఆ వాల్వు దొరకలేదని రెండు డయోడ్లు పెట్టేవాళ్ళు హెచ్‌టీ మరో 60 వోల్టుల పైన పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

6వీ6 కేథోడ్‌కి 470 ఓమ్‌ల రెసిస్టర్. 19 వోల్టుల దగ్గర దాని మీద ముప్పావు వాట్ వేడి పుడుతుంది కాబట్టి 3 లేదా 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్ పెట్టి, చాసిస్‌కి (భాగాలు బిగించే రేకు పెట్టెకి) కొంచెం ఎత్తులో నిలబెట్టండి. దాని పక్కన ఉండే 25 మైక్రోఫారడ్ల కండెన్సర్ దానికి ఆనుకోకూడదు. ఆనుకుంటే ఏడాదిలో ఎండిపోతుంది. ఆ కండెన్సర్ 25 వోల్టులది కాదు, 50 వోల్టులది కావాలి. 12ఏఎక్స్7 ప్లేట్లకు 100 కె రెండు, 1 వాట్ మెటల్ ఫిల్మ్. పావు వాట్ రెసిస్టర్లు వేడికి తట్టుకున్నా వోల్టేజీకి తట్టుకోవు. మామూలుగా 250 వోల్టులే వాటి హద్దు. కేథోడ్లకు 1.5 కె రెండు. కప్లింగ్ కండెన్సర్లు (ఒక దశ నుంచి తర్వాతి దశకు సిగ్నల్ దాటించేవి) 0.022 మైక్రోఫారడ్లు, 630 వోల్టుల పాలియెస్టర్. పాత రేడియోల నుంచి పీకిన మైనం పూత కాగితపు కండెన్సర్లను ఇక్కడ వాడితే 6వీ6కి చేతులారా విషం పెట్టినట్టే. ఇన్‌పుట్‌కు 68 కె రెండు, 1 మెగ్ (10 లక్షల ఓమ్‌లు) ఒకటి. 6వీ6 గ్రిడ్‌కు (సిగ్నల్ అందుకుని కరెంటుని అదుపుచేసే జల్లెడకు) 220 కె. స్పీకర్ నుంచి 12ఏఎక్స్7లోని రెండో ట్రయోడ్ (రెండో సగం) కేథోడ్‌కు ఫీడ్‌బ్యాక్ (సిగ్నల్‌లో కొంత వెనక్కి పంపడానికి) 22 కె. హెచ్‌టీ వరుసలో 10 కె, 22 కె. అసలు బొమ్మలో లేని మూడు చేర్చండి: 6వీ6 అయిదో పిన్ను మీదే 1.5 కె, నాలుగో పిన్ను మీద 470 ఓమ్‌లు 2 వాట్లు, మొదటి ఫిల్టర్ కండెన్సర్ మీద అడ్డంగా 220 కె 2 వాట్లు. ఆఖరిది ప్రాణానికి సంబంధించింది. ఆఫ్ చేశాక కండెన్సర్లలో మిగిలిన కరెంటుని అర నిమిషంలో 30 వోల్టుల దిగువకు దించేది అదే. అయినా ఒక నిమిషం ఆగి, మీటరు పెట్టి, సున్నా దగ్గరికి వచ్చిందని కంటితో చూశాకే లోపల చెయ్యి పెట్టాలి.

పిన్నులు లెక్కపెట్టేది బేస్ అడుగు నుంచి, గాడి లేదా ఖాళీ దగ్గర మొదలుపెట్టి గడియారం ముళ్ళు తిరిగే వైపు. పైనుంచి చూసి లెక్కపెట్టినవాళ్ళ సెట్టు అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. 6వీ6లో 2, 7 హీటరు; 3 ప్లేటు; 4 స్క్రీన్ (రెండో గ్రిడ్); 5 గ్రిడ్; 8 కేథోడ్. 5వై3లో 2, 8 ఫిలమెంటు. 4, 6 ప్లేట్లు. హెచ్‌టీ వచ్చేది 8 నుంచి. 12ఏఎక్స్7లో 1, 2, 3 వరుసగా ఒక ట్రయోడ్ ప్లేటు, గ్రిడ్, కేథోడ్. 6, 7, 8 రెండో దానివి. హీటరు విషయంలో 4, 5 కలిపేసి ఒక తీగ, 9కి రెండోది. చాలామంది 4కీ 5కీ మధ్య 6.3 ఇస్తారు. అది 12.6 వోల్టుల పద్ధతి. అలా ఇస్తే వాల్వు మసకమసకగా వెలుగుతుంది, సౌండు పీలగా వచ్చి ఆగిపోతుంది.

హీటరు తీగలు రెండూ బిగువుగా మెలిపెట్టి చాసిస్ మూలలోంచి తీసుకెళ్ళండి, గ్రిడ్ తీగలు వాటిని అడ్డంగా దాటాలేగానీ పక్కపక్కన నడవకూడదు. 6.3 వైండింగ్‌కి మధ్య ట్యాపు లేకపోతే రెండు వైపుల నుంచి చెరో 100 ఓమ్‌లు, అర వాట్‌వి, ఎర్త్‌కి వేయండి. హమ్మింగ్ సగం అక్కడే చస్తుంది. అల్యూమినియం చాసిస్‌కి సోల్డర్ అంటదు. రంగు గీకేసి, పళ్ళ వాషరు, ట్యాగు, బోల్టు బిగించి దానికి సోల్డర్ చేయాలి. మెయిన్స్ ఎర్త్ తీగకు విడిగా ఒక బోల్టు ఉండాలి, ట్రాన్స్‌ఫార్మర్ కాలి బోల్టుని దానికి వాడుకోవద్దు. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టినంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. గోడ సాకెట్లో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 దాకా, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు చూపించాలి. గిటారు తీగలు ఉక్కువి, అవి ఈ చాసిస్‌కే కలిసి ఉంటాయి. వాయించేవాడి చేతులు ఎప్పుడూ వాటి మీదే.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లనూ రంధ్రాలు వేయకముందే సర్దుకోవాలి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ తీగల కొసలు విడివిడిగా టేపు చుట్టి, దానికి మెయిన్స్ ఇచ్చి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించి, దాన్ని అటూ ఇటూ తిప్పుతూ వినండి. జుయ్యిమనే రొద ఒక కోణంలో దాదాపు మాయమవుతుంది. అక్కడ గీత గీసుకుని రంధ్రాలు వేయండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు నేరుగా సాకెట్లో పెట్టొద్దు. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే సిరీస్ బోర్డు, అంటే మెయిన్స్ తీగకు వరుసలో బల్బు ఉండేది, చేసుకోండి. బల్బు ఫిలమెంటుదే కావాలి, ఎల్ఈడీ ఇక్కడ పనికిరాదు. ముందు వాల్వులేవీ లేకుండా 40 వాట్ల బల్బుతో చూడాలి. బల్బు వెలగకూడదు, వెలిగినా కనీకనిపించనంతే. నిండుగా వెలిగితే ట్రాన్స్‌ఫార్మర్ లేదా వైరింగ్ షార్టు. అది దాటితే హీటరు, 5 వోల్టుల వైండింగులు కొలిచి, మూడు వాల్వులూ పెట్టి, స్పీకర్ తగిలించి, 100 వాట్ల బల్బుతో రెండోసారి. ఒక్కసారి భగ్గున వెలిగి, తర్వాత మందగించి నిలబడితే సరి. ఆ మీదటే నేరుగా మెయిన్స్, 500 మిల్లీ ఆంపియర్ల స్లో బ్లో (క్షణకాలపు ఎక్కువ కరెంటుకి తెగని) ఫ్యూజుతో. అమెరికా బొమ్మలో 2 ఆంపియర్లని ఉంది కదాని అదే వేస్తే, మన 230 మీద ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయాక కూడా ఆ ఫ్యూజు చెక్కుచెదరదు. స్పీకర్ లేకుండా ఎప్పుడూ వాయించకూడదు. ప్రైమరీలో పుట్టే ఎదురు వోల్టేజీ 6వీ6 బేస్‌లో మూడో పిన్ను నుంచి నిప్పులై దూకుతుంది.

ఇప్పుడు వోల్టేజీలు. నలుపు తీగని క్లిప్‌తో చాసిస్‌కి తగిలించేసి, ఎరుపు తీగని ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. రెండో చెయ్యి జేబులోనో వీపు వెనకో. 325 ట్రాన్స్‌ఫార్మర్‌తో మొదటి కండెన్సర్ దగ్గర 340 నుంచి 360, 6వీ6 ప్లేటు అంతకంటే పది పదిహేను తక్కువ, స్క్రీన్ 300 పైచిలుకు, మూడో కండెన్సర్ 260 చుట్టుపక్కల, 12ఏఎక్స్7 ప్లేట్లు రెండూ 150 నుంచి 180, వాటి కేథోడ్లు 1.2 నుంచి 1.6, 6వీ6 కేథోడ్ 18 నుంచి 20, దాని గ్రిడ్ కచ్చితంగా సున్నా. 275 చుట్టించినవాళ్ళు గ్రిడ్ తప్ప మిగతావన్నీ సుమారు ఆరో వంతు తగ్గించి చదువుకోవచ్చు. అయిదు వోల్టులు అటూ ఇటూ అయిందని కంగారు వద్దు. సగమో రెట్టింపో అయితేనే తప్పున్నట్టు.

6వీ6 మీద భారం ఎంతో ఇందులోంచే తేలుతుంది. కేథోడ్ 19 వోల్టులుంటే 470తో భాగిస్తే 40 మిల్లీ ఆంపియర్లు. అందులో రెండున్నర స్క్రీన్‌ది, మిగిలిన 37.5 ప్లేటుది. ప్లేటు 340లోంచి 19 తీసేస్తే 321. రెండూ గుణిస్తే 12 వాట్లు, సరిగ్గా ఆ వాల్వు పాత హద్దు. 14 దాటిందంటే 470 బదులు 560 వేయండి.

గ్రిడ్ సున్నా అన్నామే, అది ఈ పట్టికలో అన్నిటికంటే విలువైన అంకె. అక్కడ 2 వోల్టులు కనిపించాయంటే 220 కె గుండా 9 మైక్రో ఆంపియర్లు పారుతున్నాయని అర్థం. కప్లింగ్ కండెన్సర్ లీకైతే అంతే. గ్రిడ్ పాజిటివ్ అయ్యేకొద్దీ కరెంటు పెరిగి ప్లేటు చెర్రీపండులా ఎర్రబడుతుంది. అనుమానం తీరాలంటే వాల్వు తీసేసి మళ్ళీ కొలవండి: వాల్వు లేకుండానూ 2 వోల్టులుంటే తప్పు కండెన్సర్‌ది, సున్నాకి పడిపోతే వాల్వుది. వాల్వు మార్చాలని కచ్చితంగా చెప్పే పరీక్షలు ఉన్నవి కొద్ది, అందులో ఇదొకటి. గ్రిడ్ సున్నాగా ఉండి కేథోడ్ కూడా సున్నా అయితే, ప్లేటు ఎర్రబడుతోందా చూడండి. ఎర్రబడుతుంటే 25 మైక్రోఫారడ్ల కండెన్సర్ షార్టు. చల్లగా ఉండి హెచ్‌టీ 430 దాటితే వాల్వు అసలు నడవడమే లేదు: హీటరు లేదు, లేదా స్క్రీన్‌కు కరెంటు అందలేదు. కేథోడ్ 40, 50కి పోతే 470 రెసిస్టర్ తెగింది.

12ఏఎక్స్7 ప్లేటు, దానికి కరెంటిచ్చే కండెన్సర్ రెండూ ఒకే వోల్టేజీ చూపిస్తే ఆ ట్రయోడ్‌లో కరెంటు పారడం లేదు. హీటరు, కేథోడ్ సోల్డర్ చూడండి. ప్లేటు బాగా దిగి, కేథోడ్ పావు వోల్టే ఉంటే 1.5 కె బదులు 150 ఓమ్‌లు వేసినట్టు. గోధుమ-ఆకుపచ్చ-ఎరుపు వేయాల్సిన చోట గోధుమ-ఆకుపచ్చ-గోధుమ పడింది. రాత్రిపూట తెల్లటి ఎల్ఈడీ వెలుగులో ఎరుపు, గోధుమ, నారింజ ఒకేలా ఉంటాయి. సోల్డర్ చేయకముందే ప్రతి రెసిస్టర్నీ మీటరుతో కొలిచేస్తే ఈ గొడవే రాదు.

వోల్టేజీలన్నీ సరిగ్గా ఉండి సౌండు లేకపోతే సిగ్నల్ వెంట నడవాలి. ఫోన్‌లో టోన్ ఇచ్చే యాప్ పెట్టి 400 సైకిళ్ళు, 100 మిల్లీ వోల్టుల దాకా ఇన్‌పుట్‌కు ఇవ్వండి. మొదటి ప్లేటు దగ్గర 3 వోల్టుల ఏసీ రావాలి, ఎందుకంటే ఆ దశ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే రెట్లు) ముప్పై. ఇక్కడో మోసం ఉంది. బజారులో దొరికే పసుపు రంగు చవక మీటర్లలో చాలావాటికి ఏసీ రేంజిలో డీసీని ఆపే ఏర్పాటు ఉండదు, 160 వోల్టుల డీసీని కూడా ఏసీగా చూపించి బెదరగొడతాయి. ఎరుపు ప్రోబ్‌కి వరుసలో 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల కండెన్సర్ ఒకటి తగిలిస్తే నిజం చెబుతాయి. మొదటి ప్లేటు దగ్గర ఉండి వాల్యూమ్ దగ్గర లేకపోతే మధ్య కండెన్సర్. అసలు 12ఏఎక్స్7 రెండో పిన్ను దగ్గరే లేకపోతే ఇన్‌పుట్ జాక్. ప్లగ్గు లేనప్పుడు ఎర్త్ చేసే ఆ జాక్‌లోని రేకు, ప్లగ్గు పెట్టాక కూడా అంటుకునే ఉండడం మామూలే.

హమ్మింగ్‌కి మీటరు కంటే గిటారే మంచి పరికరం. ఆరో తీగ మూడో గడిలో పలికే స్వరం 98 సైకిళ్ళు. రొద దానితో శ్రుతి కలిస్తే అది 100 సైకిళ్ళది, అంటే ఫిల్టర్ కండెన్సర్ల తప్పు. దానికి కింది స్థాయిలో వినిపిస్తే 50, అది హీటరు తీగలదో, ఎర్త్ లూపుదో, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టిన ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌దో. 12ఏఎక్స్7 పీకేసినా రొద అలాగే ఉంటే వెనక భాగం, పోతే ముందు భాగం. ఎర్త్‌లన్నీ చాసిస్ మీద ఎక్కడ వీలైతే అక్కడ దిగ్గొట్టకుండా, ఫిల్టర్లూ 6వీ6 ఒకచోటికి, ముందు దశలు జాక్ దగ్గరికి తెచ్చి కలిపితే లూపు రాదు. ఒక మాట ముందే చెప్పాలి: సింగిల్ ఎండ్ సెట్టులో పుష్-పుల్‌లాగా రొద తనంతట తాను రద్దు కాదు. చెవి స్పీకర్‌కి ఆనించినప్పుడు కొద్దిగా వినిపిస్తే అది దాని స్వభావం. దాని వెంటపడి రాత్రులు పాడుచేసుకోవద్దు.

ఆన్ చేసిన పది పదిహేను సెకన్లకు కీచుమని అరవడం మొదలెడితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తీగలు రెండూ తారుమారు చేయండి. ఫీడ్‌బ్యాక్ తగ్గించాల్సింది పోయి పెంచుతోంది. వాల్యూమ్ మూడొంతులు తిప్పాకే అరిస్తే గ్రిడ్ తీగలు ప్లేటు తీగలకు దగ్గరగా ఉన్నాయి. సన్నటి వెదురుపుల్లతో ఒక్కొక్క తీగనీ జరిపి చూడండి, ఎక్కడ ఆగితే అక్కడే కట్టేయండి. మోటారు పడవలా బుడబుడమంటే రెండో, మూడో ఫిల్టర్ కండెన్సర్ తెగింది. చరచరలు వాల్యూమ్ తిప్పినప్పుడే వస్తే కంట్రోల్‌లోకి డీసీ చేరుతోంది, మళ్ళీ కప్లింగ్ కండెన్సరే. ఏమీ ముట్టుకోకపోయినా చిటపటలాడుతుంటే ప్లేటు 100 కె మార్చండి. అదే వెదురుపుల్లతో వాల్వుని తట్టినప్పుడు గంటలా మోగితే మాత్రం ఆ 12ఏఎక్స్7ని నిస్సందేహంగా మార్చొచ్చు.

స్పీకర్ గురించి వ్యాసంలో ఒకే వాక్యం ఉంది. అయిదు వాట్ల సెట్టుకు స్పీకరే సగం సంగీతం. ఒక వాట్‌కి 87 డెసిబెళ్ళిచ్చే మ్యూజిక్ సిస్టం స్పీకర్‌కీ 95 ఇచ్చే గిటార్ స్పీకర్‌కీ తేడా, లెక్కలో ఆరు రెట్ల శక్తితో సమానం. మొదటిదానితో వాయించి సెట్టులో శక్తి లేదనుకునేవాళ్ళే ఎక్కువ. 4 ఓమ్‌ల బదులు 8 పెడితే ప్రాణాపాయం లేదు, వాల్వుకు 7 కె బదులు 14 కనిపించి శక్తి తగ్గుతుంది. పియెజో (వత్తిడికి వోల్టేజీ పుట్టించే) పికప్ బిగించిన వీణో మాండొలినో వాయించేవాళ్ళు, 68 కె రెండూ సమాంతరంగా పడే మొదటి జాక్‌నే వాడాలి. ఆ జాక్‌కి 1 మెగ్ కనిపిస్తుంది. రెండో దానిలో సిగ్నల్ సగమవుతుంది, ఇన్‌పుట్ 136 కెకి పడిపోతుంది, పియెజోలో బేస్ అక్కడే ఆవిరైపోతుంది.

మీ వ్యాసాన్ని వెబ్‌సైట్‌లో ఇప్పటికీ చదువుతున్నారు. కనీసం మూడు సవరణలు అక్కడ చేర్చమని కోరుతున్నాం: ఫ్యూజు 500 మిల్లీ ఆంపియర్లు, ఫిల్టర్ కండెన్సర్లు 500 వోల్టులు, మొదటి కండెన్సర్ మీద 220 కె. స్థలం ఉంటే సర్క్యూట్ బొమ్మ మీదే ఆ వోల్టేజీలు అచ్చువేయండి. బొమ్మ ముందు పెట్టుకుని సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నవాడు మళ్ళీ వెనక్కొచ్చి వ్యాసం చదవడు.

ఇట్లు,
వాల్వు సెట్లు కట్టే, బాగుచేసే కొందరు పాఠకులు,
హైదరాబాద్